మైనం ఖాళీ చేసిన ఇల్లు

మొన్న కరీంనగర్ కూరగాయల అంగట్లో ఒక సొరకాయను అరచేతిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పైకీ కిందికీ ఊపి చూశాను. నాకు తెలియకుండానే చేసే పని అది. అమ్ముతున్న ఆమె ఊరుకోలేదు.

"ఏంది సారూ, నా కాంటా మీద ఇమానం లేదా?"

"కాంటా మీద ఉన్నది తల్లీ, సొరకాయ మీదనే లేదు. ఇంత లావుంది, చేతికేమో తేలిగ్గా తగులుతున్నది. లోపల బెండు పట్టిందేమో."

పక్కన సంచి పట్టుకుని నిలబడ్డ ఒక పడుచువాడు పకపక నవ్వాడు. "పంతులు సారూ, మీరు గూడ గట్లనే చేస్తున్నరు!"

అప్పుడు ఆనవాలు పట్టాను. ఇచ్చోడ అవతల నేను పనిచేసిన బడిలో చదివినవాడు. ఇప్పుడు ఇక్కడేదో కచ్చేరీలో గుమాస్తా. 'గట్లనే' అంటే ఎవరిలాగానో మా ఇద్దరికీ తెలుసు గనుక నేనూ నవ్వాను. కాని వాడి ముఖంలో నవ్వు ఆగిపోయింది.

"సైన్సు సారు పోయిన ఎండకాలం గుజరిపోయిండు సారూ. భైంసలనే. మీకు తెల్వదా?"

ఆయన చనిపోయిన సంగతి నాకు తెలియదు. తెలుసుకునే ప్రయత్నం చేయలేదు గనుక తెలియదు. బదిలీ అయి వచ్చాక ఒక్కసారి భైంసా పోయి ఆయన్ని చూసి రావాలని ఏటేటా అనుకున్నాను. బస్సు ఉంది, సెలవులు ఉన్నాయి, కాళ్ళు బాగానే ఉన్నాయి. పోలేదు. ఇలా పోని చోట్లు నా జీవితంలో చాలా ఉన్నాయి గాని, వాటిలో ఇది నన్ను ఎక్కువ బాధపెడుతోంది. ఎందుకంటే ఒక వస్తువును చేత్తో పట్టుకుని ఆలోచించడమనే పనిని నాకు నేర్పినవాడు ఆయన. నేను తెలుగు పండితుణ్ణి. అంతకుముందు నాకు మాటలు పట్టుకోవడం ఒక్కటే వచ్చు.

ఆయన సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. వెలిసిపోయిన నల్లకోటు ఒకటి ఎండాకాలంలో కూడా విడిచేవాడు కాదు. ఆ కోటు ఎప్పుడూ ఒక పక్కకు ఒరిగి ఉండేది. కుడిజేబులో సీసం ముక్క, ఇనుప మేకులు, గులకరాళ్ళు. ఎడమజేబులో బెండుముక్కలు, ఎండిన ఆనపబుర్ర పెంకు, ఒక పక్షి ఈక. దూరం నుంచి చూస్తే ఆయన ఒక భుజం మీద కనబడని బరువేదో మోస్తున్నట్టుండేది. బళ్ళో పిల్లలు ఆయన నడకను అనుకరించేవాళ్ళు. అది చూసి పిల్లల్ని కోప్పడవలసినవాణ్ణి నేనూ వాళ్ళతోపాటు నవ్వాను.

ఎదురుపడితే చాలు, ఆయన నమస్కారానికి బదులు మన చేతిలో ఏదో ఒకటి పెట్టేవాడు. "జర అందాజ చెయ్. ఎంత?" అనేవాడు. తూకం వేసేముందు చేతితో ఊహించాలి. ఊహించకుండా తూచితే ఆయనకు కోపం. "ముందు చెప్పనోడికి కాంటా ఏం నేర్పుతది? వాని తప్పు వానికి తెలియాలె గద!" అనేవాడు.

ఆయన తప్పు ఆయనకు తెలిసినప్పుడు చూడాలి. సేరంబావు అని తను చెప్పినది కాంటాలో సేరున్నర తూగితే, తరగతి మధ్యలో చప్పట్లు కొట్టి "గల్తీ అయింది! నాది గల్తీ అయింది!" అని పెళ్ళికబురు చెప్పినట్టు చెప్పేవాడు. పిల్లలు కేరింతలు కొట్టేవాళ్ళు. పక్కగదిలో పద్యం చెప్తున్న నాకు చిరాకు పుట్టేది. తప్పు చేయడంలో అంత సంతోషించేదేముందో నాకు అప్పుడు తెలియదు.

ఇంట్లో ఆయనది మరాఠీ. చదువు ఉర్దూ. ఉద్యోగం చివరికి తెలుగులో వచ్చి పడింది. హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త రోజులవి. పుస్తకాలు ఉర్దూ నుంచి తెలుగుకు మారాయి గాని, పుస్తకాలు మారినంత తొందరగా చెప్పేవాళ్ళు మారలేరు కదా. కొత్త సైన్సు పుస్తకం వచ్చిన రోజు ఆయన దాన్ని పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"పంతులూ, మేము కసాఫత్ అని చదువుకున్నం. గీండ్ల సాంద్రత అని రాసిండ్రు. సాంద్రత అంటే ఏంది?"

నాకు హుషారు పుట్టింది. "సాంద్రము అంటే దట్టమైనది, చిక్కనైనది. ఆ గుణం సాంద్రత" అని ఒక శ్లోకం కూడా చదివాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "చిక్కనిది అంటె నూనె గదా? నీళ్ళకన్న నూనె చిక్కగుంటది. మరి నూనె నీళ్ళ మీద ఎందుకు తేలుతది?"

తెలియదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. "అది మీ సైన్సు సంగతి, భాష సంగతి కాదు" అన్నాను. ఆ సాయంత్రం మిగతా టీచర్ల ముందు ఆయన గొంతు అనుకరిస్తూ "పంతులూ, సాంద్రత అంటె ఏంది?" అని నవ్వించాను. ఆయన గుమ్మంలో నిలబడి విన్నాడు. మర్నాడు నా బల్ల మీద ఒక గిన్నెలో నీళ్ళు, దానిమీద పొరలా నూనె పోసి పెట్టి వెళ్ళాడు. అంతే.

శనివారం ఇచ్చోడ అంగడికి ఇద్దరం కలిసి నడిచి పోయేవాళ్ళం. పత్తి బళ్ళు కొండల్లా వచ్చేవి. ఒకసారి అలాంటి బండి ఒకటి, దాని వెనక ఉప్పు బస్తాల బండి ఒకటి వస్తున్నాయి. ఉప్పు బండిలో సరుకు చక్రం ఎత్తు కూడా లేదు.

"ఏది బరువు?" అన్నాడు.

"పత్తి. చూడండి, ఆకాశాన్ని తాకుతున్నది."

"కండ్లను అడగకు. ఎద్దును అడుగు."

చూశాను. పత్తి ఎడ్లు తోకలు ఊపుకుంటూ వస్తున్నాయి. ఉప్పు ఎడ్లు నాలుకలు బయటపెట్టి, మోకాళ్ళు వంచి లాగుతున్నాయి. అప్పుడాయన చెప్పిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "కండ్లు ఎంత జాగ పట్టిందో చూస్తయి. చెయ్యి ఎంత బరువున్నదో చూస్తది. గా జాగల గంత బరువు ఎట్ల కూసున్నదో చూసేటందుకు కండ్లూ లేవు, చెయ్యీ లేదు. మనసు పెట్టి చూసుడే."

ఆ మాట విన్నాను, తలాడించాను. అర్థమైంది మాత్రం ఆ తరువాత, బడిగంట పోత పోసిన ఏడాది.

మా బడికి గంట అంటే వేలాడదీసిన రైలుపట్టా ముక్క. ఒక వేసవి సెలవుల్లో దాన్ని ఎవరో ఎత్తుకుపోయారు. ఊళ్ళో గడియారం లేదు. వాగు అవతలి గూడేల పిల్లలు పొద్దు చూసుకుని వచ్చేవాళ్ళు. మబ్బు పట్టిన రోజు బడి సగం ఖాళీ. వాగు దాటి వినబడేలా మంచి గంట పోయించాలని ఊరి పెద్దలు అనుకున్నారు. దగ్గరి గూడెంలో ఓజ పెద్దాయన ఒకడు ఉండేవాడు. వాళ్ళ ఇంటివాళ్ళది తరతరాలుగా ఇత్తడి పోతపని. గోండుల దేవుళ్ళ బొమ్మలు, ఎడ్ల మెడగంటలు పోస్తారు. ఆయన ఒప్పుకున్నాడు, లోహం మాత్రం ఊరివాళ్ళే ఇవ్వాలన్నాడు. ఇంటికొక పాత పాత్ర అడిగి తెచ్చే పని నాకు అప్పగించారు. నోరున్నవాణ్ణి నేనే కదా.

ఊరూరా ఉపన్యాసాలిచ్చాను. "మీ ఇంటి గిన్నె రేపు మోగి మీ బిడ్డను బడికి పిలుస్తుంది" అన్నాను. ఆ వాక్యం నాకు చాలా నచ్చింది. ప్రతిచోటా చెప్పాను. జనం చెంబులు, గిన్నెలు, గరిటెలు తెచ్చి ఇచ్చారు. రెండు గోనెసంచులు మూతి కట్టరానంతగా నిండాయి.

"చాలు సారూ. ఇది గుడిగంటకు కూడా సరిపోతుంది" అన్నాను.

సైన్సు సారు ఒక సంచిని ఎత్తి చూసి కింద పెట్టాడు. "పంతులూ, దీంట్ల సగం గాలి."

కంచువి కొడితే పగులుతాయని పక్కన పెట్టి, ఇత్తడి గిన్నెలన్నీ పిల్లలతో సుత్తెలు పెట్టి అణగగొట్టించాడు. రెండు సంచులదీ కలిపితే ఒక సంచి సగానికి దిగింది. నా ముఖం చూసి నవ్వాడు. "గిన్నె అంటె ఇంత ఇత్తడి, ఇంత ఖాళీ. మీరు ఖాళీని గూడ మోసుకొచ్చిండ్రు. దాన్ని ఎంత కాచినా గంట గాదు."

మళ్ళీ ఉపన్యాసాలు. ఈసారి పటేలు స్వయంగా కదిలాడు. జీతగాడి నెత్తిన పెద్ద దేగిశ ఒకటి పెట్టించుకుని, పదిమందిని వెంటబెట్టుకుని వచ్చాడు. తళతళ మెరుస్తోంది. నలుగురికి వంట చేసేది కాదు, నలభై మందికి చేసేది. నేను వెంటనే లేచి పటేలుగారి ఔదార్యం గురించి మాట్లాడాను. నేను మాట్లాడుతుండగానే సైన్సు సారు వచ్చి ఆ దేగిశ అంచును రెండు వేళ్ళతో పట్టుకుని పైకెత్తాడు. అది ఎండుటాకులా లేచింది.

"పటేల్ సాబ్, ఇది సత్తుది, ఇత్తడి గాదు. కొలిమిల వేస్తె ఉన్న మాల్ గూడ కరాబైతది. పెండ్లిళ్ళకు అక్కరకొస్తది, ఉంచుకోండ్రి."

వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. పటేలు ముఖం కందిపోయింది. సాయంత్రానికి మంచి ఇత్తడి బిందె ఒకటి పంపాడు. సారు దాన్ని ఎత్తి చూసి తృప్తిగా తలాడించాడు. పటేలు మాత్రం ఆ రెండు వేళ్ళను మరిచిపోలేదు.

ఆ చివరి విడతలోనే మాలవాడ నుంచి ఒక ముసలవ్వ వచ్చింది. ఆమె మనుమడు మా బడిలో మూడో తరగతి. అన్నం తినే మందమైన కంచుతలె ఒకటి తెచ్చి, దూరంగా నేల మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కు జరిగి నిలబడింది. నేను దాన్ని అట్టహాసంగా చేతికెత్తుకుని అందరికీ చూపించాను. ఆ తరువాతి గూడెంలో ఆమె పేరు కూడా చెప్పి ఉపన్యాసాన్ని రక్తి కట్టించాను. కళ్ళు తుడుచుకున్నవాళ్ళున్నారు. నేను బాగా మాట్లాడానని నాకు తెలుసు.

వారం తరువాత సైన్సు సారు మాలవాడ నుంచి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. నాలుగు రోజులుగా బడికి రాని పిల్లవాణ్ణి చూడటానికి పోయాడట.

"పంతులూ, మీ ఉపన్యాసం మోదుగాకుల తింటున్నది."

నాకు అర్థం కాలేదు.

"గా ముసలవ్వ ఇంట్ల ఉన్నది గా ఒక్క తలెనే. ఇప్పుడు పొల్లగాడు, ఆమె ఆకుల తింటున్నరు. అంబలి ఆకుల నిలుస్తదా? కారిపోతుంటె నాకుతుండు."

నేను తలవంచుకున్నాను. "తిరిగి ఇచ్చేద్దాం" అన్నాను.

"ఇద్దం. గని ఇస్తె సరిపోతదా లేదా? గది తెలువకుండ ఇస్తె గల్తీ. తెలువకుండ ఉంచుకున్నా గల్తీ."

లెక్క అక్కడ మొదలైంది. ఓజ పెద్దాయన పని అప్పటికి సగం అయింది. మట్టిముద్దను గంట లోపలి ఆకారంలో చేసి, దానిమీద సన్నటి మైనపు తీగలు ఒత్తుగా చుట్టి, మైనంతో గంటను తయారుచేశాడు. ఇక దానిమీద మట్టి పూసి, కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది. అది వదిలిన ఖాళీలోకి కరిగిన లోహం పోస్తారు. పోత మధ్యలో లోహం తక్కువైతే అంతా పాడు. పైనుంచి ఇంకొంచెం పోస్తే అతకదు. అంచు లేని గంట, అందరి గిన్నెలూ పోయి ఒక పనికిరాని ముద్ద.

"ఎంత లోహం కావాలె?" అని సారు అడిగాడు.

"మైనానికి తొమ్మిదింతలు" అన్నాడు పెద్దాయన. "మా తాత చెప్పిన లెక్క. ఇది రెండు సేర్ల మైనం. పద్దెనిమిది సేర్లు. కొలిమిల మాడే ఖరాబుకు, పోసే దారిల నిలిచేదానికి కలిపి ఇంకో మూడు. ఇరవయ్యొకటి కావాలె."

కోమటి దుకాణం కాంటా తెచ్చి తూచాం. తలెతో కలిపి సరిగ్గా ఇరవయ్యొక్క సేర్లు ఉంది. తలె ఒక్కటే ముప్పావు సేరు.

సారు మైనపుగంటను చూస్తూ "దీన్ని నిండుకుండల ముంచి, ఎన్ని నీళ్ళు పొర్లుతయో చూస్తె..." అంటూ చేయి చాచాడు.

పెద్దాయన ఎగిరి ఆ చేతిని పట్టుకున్నాడు. "సారూ! లోపల మట్టి ఉన్నది! నానితె నా నెలదినాల పని వాగుల కలుస్తది!"

సారు ఒక క్షణం బిత్తరపోయి, వెంటనే చప్పట్లు కొట్టాడు. "గల్తీ అయింది! మైనం తేలుతది గూడ. నేను దాని నెత్తి మీద కూసోవాలె." పెద్దాయన కూడా నవ్వాడు. అప్పటినుంచి ఆ ఇద్దరికీ స్నేహం కుదిరింది. పక్కపక్కన గొంతుక్కూర్చుని ఒకే చుట్టను మార్చి మార్చి తాగేవాళ్ళు.

సారు అడిగాడు, "మీ తాత తొమ్మిది అన్నది ఏ మాల్‌కు? ఇత్తడికా, కంచుకా?"

"గది తెల్వదు. తాత కాలంల ఏది దొరికితే అది."

"మరి ఇది మన ఊరి మాల్. కలగాపులగం. చిన్నది ఒకటి పోసి చూద్దమా?"

పెద్దాయన అదే మైనంతో ఎడ్ల మెడలో కట్టేటంత చిన్నగంట చేశాడు. మట్టిముద్ద మీద చుట్టకముందే ఆ మైనాన్ని కంసాలి త్రాసులో తూచాం. రెండు తులాలు. మట్టి పూసి, కాల్చి, మా సంచిలోని లోహమే అన్ని రకాలూ తగుపాళ్ళలో వేసి పోశాడు. చల్లారాక పగలగొట్టి, దారిలో మిగిలిన తోకను కోసేసి, ఆ గంటను త్రాసులో పెట్టాం. పదిహేడున్నర తులాలు తూగింది.

సారు ఆ చిన్నగంటను నా అరచేతిలో పెట్టాడు. రెండో చేతిలో దానికి పట్టినంత మైనం, రెండు తులాలు, పెట్టాడు.

"కండ్లు మూసుకో పంతులూ. ఇది ఒక ఇల్లు అనుకో. మైనం దాంట్ల ఉండె. వేడి తగిలింది, ఖాళీ చేసి పోయింది. ఇత్తడి వచ్చి కూసున్నది. ఇల్లు అదే. గోడలు జరగలే, తలుపు జరగలే. మరి బరువు ఎందుకు మారింది?"

"వచ్చినవాడు వేరు" అన్నాను.

"ఎట్ల వేరు?"

"అంతే చోటులో... ఎక్కువ ఇమిడినవాడు."

"గదే కసాఫత్" అన్నాడు. తరువాత నవ్వుతూ, "గదే మీ సాంద్రత."

నేను శ్లోకాలతో సహా నేర్చుకున్న ఆ మాటకు అర్థం నా అరచేతుల్లో ఉంది. ఒకటి కిందికి లాగుతోంది, ఒకటి ఊరుకుంది. నూనె నీటి మీద ఎందుకు తేలుతుందో ఆ క్షణాన తెలిసింది. చిక్కదనం కాదు. చోటు, అందులో ఇమిడిన బరువు. ఇంతేనా అనిపించింది. ఇంతదాన్ని అడిగినందుకే కదా నేను ఆయన్ని నలుగురిలో నవ్వులపాలు చేసింది అని కూడా అనిపించింది. "సారూ, ఆరోజు నేను..." అన్నాను. ఆయన వినలేదు. అప్పటికే నేలమీద పుల్లతో లెక్క వేస్తున్నాడు.

రెండు తులాల మైనానికి పదిహేడున్నర. అంటే రెండు సేర్ల మైనానికి పదిహేడున్నర సేర్లు. తాతగారి లెక్కకు అర సేరు తక్కువ.

"గంట లోపలికి ఎంత పోతదో నేను చెప్పిన. కొలిమిల ఎంత మాడుతదో, దారిల ఎంత నిలుస్తదో నాకు తెల్వదు. అది నీకే తెలుస్తది. నిక్కంగ చెప్పు, భయపడి ఎక్కువ చెప్పకు" అన్నాడు పెద్దాయనతో.

పెద్దాయన సంచి విప్పాడు. అణగగొట్టిన గిన్నెల మసి చూశాడు, చిలుము గోకి చూశాడు. "రెండున్నర" అన్నాడు చివరికి.

అంతా కలిపి ఇరవై. తలె తీసేస్తే మా దగ్గర ఉన్నది ఇరవైంబావు.

ఈ సంగతి పటేలుకు తెలిసింది. చావడిలో అందరిముందు నిలదీశాడు. "పావు సేరు మిగులు మీద మా అందరి గిన్నెలు పెడుతున్నవా సారూ? ఇంత పెద్ద గంట గీ ఓజాయన ఎన్నడన్న పోసిండా? తక్కువ పడితే?"

"పడితే నాది గల్తీ."

"గల్తీ అని చప్పట్లు కొడుతవా అప్పుడు?"

అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. "కొట్టను. గంటకు కొత్త మాల్ మొత్తం నేను తెచ్చిస్త. తేలేకపోతె ఈ ఊళ్ళ ముఖం చూపియ్య" అన్నాడు. ఆయన జీతం ఎంతో అందరికీ తెలుసు. ఆయనకు పెళ్ళి కావలసిన చెల్లెలు ఉందని నాకు ఒక్కడికే తెలుసు. లేచి ఆయన పక్కన నిలబడి ఒక్క మాట అనవలసింది. ఊరంతా తిరిగి మాట్లాడిన నోరు ఆ పూట పెగల్లేదు.

మర్నాడు తలె పట్టుకుని ఇద్దరం మాలవాడకు పోయాం. ముసలవ్వ తలెను చూసి సంతోషిస్తుందనుకున్నాను. ఆమె ముఖం మాడిపోయింది.

"ఏమయ్యా, అందరియి తీసుకుంటిరి. నాది పనికిరాకపాయెనా? మాలోల్ల తలె గంటల కలిస్తె మైలపడతదని పటేలు అన్నడా?"

"లేదవ్వా, ఎవ్వరూ అనలే. సరిపోయింది, అందుకే..." అన్నాను నేను.

"సరిపోయిందట! పటేలుది సరిపోలే, కోమటోల్లది సరిపోలే, నాది వచ్చేటాళ్ళకు సరిపోయింది! నా మనుమడు బడికి పోతలేడా? రేపు గంట మోగితే, నీ గిన్నె ఏది లేదురా దాంట్ల అని పొల్లగాండ్లు అంటె వాడేమనాలె?"

నా దగ్గర వాక్యాలు చాలా ఉన్నాయి. ఒక్కటీ ఇక్కడ చెల్లదు. సైన్సు సారు ఆమె గడప ముందు నేల మీద కూర్చున్నాడు.

"అవ్వా, నీ మాట నిజమే. తలె మాత్రం ఉంచుకో, పొల్లగాడు తినాలె. ఇంకేదన్న చిన్నది ఉన్నదా? ఎంత చిన్నదైనా సరే."

ఆమె లోపలికి పోయి గుడ్డముడి ఒకటి తెచ్చింది. విప్పితే రెండు కంచుమట్టెలు. మొగుడు పోయిననాడు తీసి దాచుకున్నవి. ఈసారి నేల మీద పెట్టలేదు. సారు చేయి చాచి ఉంది, ఆ చేతిలోనే వేసింది.

"ఇవి ఎంతుంటయి బిడ్డా? ఏమన్న అక్కరకొస్తయా?"

నేనైతే ఆమె మనసు నిండేలా ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. ఆయన జేబులోంచి కంసాలి త్రాసు తీశాడు, గురిగింజలు వేసి తూచాడు. "అర తులానికి తక్కువ అవ్వా. బహుత్ తక్కువ. గని లెక్కల వడ్డయి. మొత్తంల కలిపిన."

ఆమెకు కావలసింది అదే అని ఆమె ముఖం చూశాక తెలిసింది. పొగడ్త కాదు. లెక్కలో పడటం.

పోత రోజున ఊరంతా వచ్చింది. లోహం కరిగించే మట్టి మూసలు రెండు కొలిమిలో ఎర్రగా కాలాయి. తిత్తులు ఊదే కుర్రవాళ్ళ ఒళ్ళు చెమటతో నిగనిగలాడింది. మట్టెలను సారు స్వయంగా మూసలో వేశాడు, పటేలు బిందె ముక్కల మీదనే. పెద్దాయన, ఆయన తమ్ముడు పట్టుకారులతో మూసలు ఎత్తి పోయడం మొదలుపెట్టారు. మొదటిది అయిపోయింది. రెండోది వంగుతోంది, వంగుతోంది. మట్టిలోని రంధ్రం ఇంకా మింగుతూనే ఉంది. పటేలు మెడ చాచి చూస్తున్నాడు. సారు ముఖం పాలిపోయింది. ఎడమచేత్తో జేబులోని బెండుముక్కను పిండి పిండి పొడి చేశాడని తరువాత చూశాను. మూస దాదాపు బోర్లించినట్టయినప్పుడు, రంధ్రం మూతిలో ఎర్రటి చుక్క పైకి ఉబికి, నిలబడి, వణికి, నల్లబడింది.

"నిండింది!" అన్నాడు పెద్దాయన.

సారు అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. మూస అడుగున మిగిలింది నిమ్మకాయంత.

చల్లారాక మట్టి పగలగొట్టారు. అంచుతో సహా నిండుగా, నల్లగా, మైనపు తీగల గీతలు ఒంటినిండా మిగుల్చుకుని గంట బయటపడింది. జనం కేకలు వేశారు. "పంతులూ, రెండు మాటలు మాట్లాడు" అన్నారెవరో. నేను గొంతు సవరించుకున్నాను. ఆ మట్టెలే లేకపోతే గంట నిండేది కాదు అని వాక్యం సిద్ధంగా ఉంది. సారు నా చొక్కా పట్టుకుని లాగాడు.

"గా మాట అనకు. అవి లేకున్నా నిండేది. అబద్ధం వద్దు."

మాట్లాడకుండా పక్కకు జరిగాను. అప్పుడు ముసలవ్వ, మనుమడి చేయి పట్టుకుని, జనం వెనకనుంచి ముందుకు వచ్చింది. ఎవరూ జరగమనలేదు గాని, అందరూ కాస్త జరిగారు.

"సారూ, నాయి ఏడ ఉన్నయి దీంట్ల?"

ఆయన లేచి ఆమె పక్కన నిలబడ్డాడు. "ఒక్క తావున లేవు అవ్వా. కరిగినంక అంతట కలుస్తయి. ఈడ ఎంత ఉన్నయో ఆడ గూడ గంతే. పైన, కింద, అంచుల, అంతట ఉన్నయి."

ఆమె గంట మీద చేయి వేసింది. ఇంకా గోరువెచ్చగా ఉంది. పైనుంచి అంచుదాకా, చుట్టూ తిరుగుతూ, తడుముతూ వచ్చింది. ఎక్కడో ఆగింది.

"పటేలు బిందె ఏడున్నది మరి?"

"అది గూడ అంతటనే."

"అంటె నాయి పటేలు బిందె పక్కన ఉన్నట్టా?"

"పక్కన గాదు అవ్వా. దాంట్లనే. ఇగ ఎవ్వరు విడదియ్యరాదు."

ముసలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. నవ్వుతూనే పటేలు వైపు తిరిగి చూసింది. పటేలు తలపాగా సర్దుకుని, ఇంకెటో చూశాడు. ఆమె మనుమణ్ణి గంట దగ్గరికి తోసి, "కొట్టురా, నీదే" అన్నది.